దేవుడి వరం, పూజారి చేయి: ప్రభుత్వం మీద బతుకూ తెలుగు రచయితల చూపూ

తెలుగులో 'కొలుచు' అన్న క్రియకు రెండు అర్థాలున్నాయి. సేవించడం ఒకటి, కొలత వేయడం మరొకటి. దేవుణ్ణి కొలుస్తాం, వడ్లు కొలుస్తాం. రాజుగారి సభ కొలువు. పల్లెల్లో ఉద్యోగానికీ కొలువే మాట. ఈ రెండు అర్థాలూ ఒకే మూలం నుంచి వచ్చాయా, విడివిడిగా పుట్టి ఒకే రూపంలో కలిశాయా అన్నది భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. సాహిత్య విద్యార్థికి మాత్రం ఆ కలయిక ఒక సంగతి చెబుతుంది. మనకు గింజలు ఎవరు కొలిచి పోస్తారో వారినే మనం కొలుస్తాం. ఆ కొలిచేది ప్రభుత్వమే అయినప్పుడు, ఊళ్లో ఎక్కువ ఇళ్లకు ఏదో ఒక రూపంలో అక్కడి నుంచే గింజ రావలసివచ్చినప్పుడు, మనుషుల మధ్య సంబంధాలు ఏమవుతాయి? ఈ ప్రశ్నను తెలుగు రచయితలు ఎలా చూశారో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఈ విషయం మీద పత్రికల్లో సాధారణంగా రెండు వాదాలు కనిపిస్తాయి. ఉచితాలు జనాన్ని సోమరులను చేస్తున్నాయన్నది మొదటిది. ప్రభుత్వం తల్లి వంటిది, పెట్టడం దాని ధర్మం అన్నది రెండవది. రెండు వాదాలూ ఇచ్చేవాణ్ణీ పుచ్చుకునేవాణ్ణీ చూసి ఊరుకుంటాయి. వారిద్దరి మధ్య నిలబడినవాడు వాటికి కనిపించడు. మన పెద్దలకు అతడు బాగా కనిపించాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్న సామెత అలా పుట్టిందే. మన మంచి రచయితలు కూడా ఆ పూజారినే పట్టుకున్నారని మా అభిప్రాయం. ప్రభుత్వం మీద ఆధారపడడం మనిషి ఒళ్లు వంగడాన్ని అంతగా మార్చదు. ఎవరి గుమ్మం ముందు నిలబడాలి, ఏ భాషలో అడగాలి, తనను తాను ఏమని చెప్పుకోవాలి అన్నవాటిని మారుస్తుంది. తెలుగునేలకు బయట చదువుకుంటున్న మన విద్యార్థులకు ఇందులో రెండవది, అడిగే భాష సంగతి, ప్రత్యేకంగా పట్టింపైన విషయం.

1. పెరియపాళయం నుంచి చూస్తే

పెరియపాళయం తిరువళ్లూరు జిల్లా ఊత్తుకోట తాలూకాలో ఆరణి నది ఒడ్డున ఉన్న ఊరు. భవానీ అమ్మవారి గుడి వల్ల ఆ పేరు ఈ చుట్టుపట్ల అందరికీ తెలుసు. తమిళుల ఆడి నెలలో వేపమండలు ఒంటికి చుట్టుకొని ప్రదక్షిణం చేసే మొక్కు ఇక్కడ ప్రసిద్ధం. అమ్మవారి ముందు వరుసలో తమిళమూ తెలుగూ కలిసే వినిపిస్తాయి. మొక్కుకునేవారు ఎవరింటి మాటలో వారు మొక్కుకుంటారు. ఫలానా భాషలో అడిగితేనే వింటానని అమ్మవారు అనదు. గుడి నిర్వహణ మాత్రం తమిళనాడు దేవాదాయ శాఖ చేతిలో ఉంది. ప్రభుత్వం మన బతుకుల్లోకి ఎంత లోపలికి వచ్చిందో చెప్పడానికి ఇది ఒక గుర్తు.

గుడి దాటి ఇళ్లలోకి వస్తే ఆ రాక ఇంకా స్పష్టం. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం కామరాజ్ కాలంలో 1956లో మొదలై, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వంలో 1982లో పెద్ద పథకంగా విస్తరించింది. సంక్రాంతికి ధోవతీ చీరా పంచడం 1983లో మొదలయింది. 2011 జూన్ నుంచి రేషన్ బియ్యం ఉచితమయింది. 2005లో పార్లమెంటు చేసిన చట్టం ఏడాదికి నూరు దినాల పనికి హామీ ఇచ్చింది. 2023 సెప్టెంబరులో అర్హులైన గృహిణులకు నెలకు వెయ్యి రూపాయల పథకం వచ్చింది. వీటికి ముసలివారి పింఛన్లు, పంట రుణాల మాఫీలు కలుపుకుంటే, వ్యవసాయం ఒక్కటే ఇల్లు గడపని కుటుంబానికి ప్రభుత్వం ఒక రెండవ పొలం వంటిది. ఆ పొలానికీ ఋతువులున్నాయి, దిగుబడి ఉంది, కాపలావాడూ ఉన్నాడు.

తిరుత్తణి వైపు ఈ కథలో మరొక మలుపు ఉంది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దు వివాదం పటాస్కర్ సిఫార్సులతో ఒక కొలిక్కి వచ్చింది. 1959 నాటి చట్టాన్ని అనుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అదే ఏర్పాటులో పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల గ్రామాలు కొన్ని ఆంధ్రలో చేరి సత్యవేడు వైపు కలిశాయి. ఊళ్లు కదలలేదు, చెరువులు కదలలేదు. అర్జీ ఎక్కడికి పట్టుకెళ్లాలి, అందులో ఏ అక్షరాలుండాలి అన్నది మారింది. అర్జీ అవసరం తక్కువగా ఉన్న రోజుల్లో ఆ మార్పు పండితుల విషయంగా, నాయకుల విషయంగా ఉండిపోయేది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వం ఇంటింటికీ రావడంతో అది ప్రతి ఇంటి విషయం అయింది.

2. అగ్రహారం నుంచి కచేరీకి

ప్రభుత్వం మీద ఆధారపడడం మనకు ఈనాటిది కాదు. అగ్రహారమంటేనే ఏలినవారు ఇచ్చిన మాన్యం. 1897లో మొదటి రూపంలోనూ 1909లో ప్రస్తుత రూపంలోనూ వెలువడిన గురజాడ 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధానులు కృష్ణరాయపురం అగ్రహారీకుడు. ఈ నాటకాన్ని బాల్యవివాహాల మీద, వేశ్యావృత్తి మీద వ్రాసినదిగా చదవడం మనకు అలవాటు. దానినే పాత దాత నుంచి కొత్త దాత వైపు తిరుగుతున్న సమాజపు కథగా కూడా చదవవచ్చు. మాన్యమిచ్చిన రాజులు వెనక్కి తగ్గారు. కచేరీలు, కోర్టులు, ఉద్యోగాలు ముందుకొచ్చాయి. వెంకటేశానికి ఇంగ్లీషు చదువు చెప్పించడం వెనుక ఉన్న ఆశ ఇదే. ఖర్చు దగ్గర తండ్రి విసుక్కుంటాడు, తల్లి పట్టు విడవదు. ఇద్దరూ మనసులో పెట్టుకున్నది కొడుకు కొలువునే.

గిరీశం ఆ ఇంట్లో చోటు సంపాదించింది ఎలాగో గమనించండి. అవధానులుకు వ్యాజ్యాల మోజు. కోర్టు కాగితాలను ఇంగ్లీషులోకి దించగలవాడు ఇంట్లో ఉంటే మంచిదే కదా అన్న లెక్క అతిథిని నిలబెడుతుంది. గిరీశం ఇంగ్లీషు ఎంత డొల్లదో మనం నవ్వుకుంటాం. ఆ ఇంటివారికి అది తెలిసే మార్గం లేదు. పాలించే భాష తెలియనివాడు, తెలిసినట్టు నటించేవాడికి దొరికిపోతాడు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే గిరీశం పాత్రలోని హాస్యం వెనుక ఉన్న ఆర్థిక సత్యం తెలుస్తుంది.

రామప్పంతులు ఆ సూత్రానికి రెండవ నిరూపణ. అతని బతుకుతెరువు కాగితాల్లోనూ సాక్ష్యాల్లోనూ ఉంది. మాయపెళ్లికూతురు కనబడకుండా పోయి, లుబ్ధావధాన్లు మీద హత్యానేరం వచ్చి పడ్డప్పుడు, ఆ భయం చుట్టూ ఎంతమంది చేరతారో చూడండి. లుబ్ధావధాన్లు పిసినారి; అయినా ప్రభుత్వ భయం అతని సంచి మూతి విప్పిస్తుంది. చట్టం ఇంకా తలుపు తట్టకముందే చట్టం పేరు చెప్పి బతికేవారు లోపలికి వచ్చేశారు.

గురజాడ చూపు ఇక్కడిదాకా నిర్దాక్షిణ్యంగా ఉంది. పరిష్కారం దగ్గర మాత్రం ఆయన ఒక మంచి మనిషి మీద భారం వేశారు. సౌజన్యారావు పంతులు వంటి వకీలు దొరకడం అదృష్టం. అదృష్టాన్ని సమాజం ఏర్పాటుగా చేసుకోలేదు. చెడ్డ పూజారి స్థానంలో మంచి పూజారి వచ్చాడు కాని, పూజారి లేనిదే వరం అందని స్థితి అలాగే ఉంది. ఈ పరిమితి నాటకపు లోపమని మేము అనడం లేదు. ఆనాటి సంస్కరణ ఆలోచన అంతా సచ్ఛీలురైన విద్యావంతుల మీద ఆశ పెట్టుకున్నది. నాటకం ఆ ఆశను నమోదు చేసింది.

3. కొలువు తెచ్చిన విడుదల

ఇంతవరకు చెప్పినది ఒక పక్షం. ప్రభుత్వం మీద ఆధారపడడం అవమానమని ఎవరైనా తేలికగా అనేముందు, అంతకుముందు ఆ మనిషి ఎవరి మీద ఆధారపడి ఉన్నాడో అడగాలి. స్వాతంత్ర్యానికి ముందే బోయి భీమన్న వ్రాసిన 'పాలేరు' నాటకం ఈ ప్రశ్న అడిగింది. ఆసామి ఇంట పాలేరుగా ఉన్న కుర్రవాడు చదువుకొని డిప్యూటీ కలెక్టరు అవుతాడు. నేటి పాఠకుడికి ఈ ఇతివృత్తం సులువుగా తోచవచ్చు. ఆ రోజుల్లో దాన్ని చూసిన దళిత కుటుంబాలకు అది సాధ్యమైన ఒక దారిగా కనిపించింది. ఆసామి కొలిచే గింజకు కులం ఉంది, పుట్టుక ఉంది, తాత ముత్తాతల అప్పు ఉంది. సర్కారు జీతానికి పరీక్ష ఉంది. పరీక్ష ఎంత కష్టమైనదైనా పుట్టుకలా దాటరానిది కాదు.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1966లో వెలువడింది. సుందరపాలెం పెద్ద శ్రీరాములు నాయుడు గాంధేయుడు. ఊరి తగాదాలు ఊళ్లోనే తీరాలని, కోర్టు గుమ్మం తొక్కరాదని నమ్మినవాడు. ప్రభుత్వం చేయి తగలకుండా ధర్మం నిలబడే ఊరంటే ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకన్న మంచి ఊరు దొరకదు. ఆ ఊళ్లోనే అప్పల్రాముడి అప్పు పెరిగి పెరిగి కుటుంబాన్ని మింగుతుంది. పంచాయితీ న్యాయంగానే జరుగుతుంది. ఆ న్యాయమే వారి మెడకు ఉరి అవుతుంది. కొడుకు సీతారాముడు తన బిడ్డ ఆ బానిసత్వంలోకి పోరాదని చేసే పని, తెలుగు కథాసాహిత్యంలో చదవడానికి గుండె చాలని ఘట్టం.

'యజ్ఞం' మీద మన విమర్శకులు ఎంతో చర్చించారు. ముగింపు సబబా కాదా అన్న దగ్గరే ఆ చర్చ ఎక్కువగా తిరిగింది. మా చర్చకు సంబంధించినంతవరకు ఆ కథ ఇచ్చే సాక్ష్యం వేరు. 'స్వయంసమృద్ధమైన పాతకాలపు పల్లె' అన్న ఊహను అది కూల్చింది. ఆ పల్లెలోనూ పేదవాడు ఆధారపడే బతికాడు. అతని దాత పక్కింట్లోనే ఉన్నాడు, అతని ముఖం చూసి మాట్లాడేవాడు, అతణ్ణి వదిలించుకునే దారి మాత్రం లేదు. ముఖం లేని ప్రభుత్వం మీద ఆధారపడడంలో ఉన్న చలువ అదే: అక్కడ ఎవరికీ దండం పెట్టనక్కరలేదన్న ఆశ. ఆ ఆశ ఎంతవరకు నిజమయింది అన్నదే అసలు ప్రశ్న.

భీమన్న నాటకం ఈ ప్రశ్న దగ్గర ఆగింది. ఒక పాలేరు కలెక్టరు కాగలడు, పాలేర్లందరూ కాలేరు. మిగిలినవారు కచేరీకి వచ్చినప్పుడు బల్లకు అవతల కూర్చున్నవాడు తమవాడే అయినా, బల్ల ఇంకా మధ్యలోనే ఉంటుంది.

4. నిషేధం పెట్టిన అంగడి

ఆ బల్లను దగ్గరగా చూసినవారు రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఆయన విశాఖపట్నంలో న్యాయవాది. 1960ల తొలి ఏళ్ల 'ఆరు సారా కథలు' మద్యనిషేధం నీడలో పుట్టిన కథలు. మద్రాసు ప్రెసిడెన్సీ 1937లో నిషేధ చట్టం చేసి, సేలం జిల్లాతో మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే ఆనాటి తిరుత్తణి తాలూకా కూడా ఆ చట్టం కిందికి తొలి విడతల్లోనే వచ్చింది. చట్టం ఉద్దేశం మంచిదే. ఆ మంచి ఉద్దేశం చుట్టూ సారా కాచేవాడు, మోసేవాడు, అమ్మే ఆడది, మామూలు పుచ్చుకునే పోలీసు, బెయిలు ఇప్పించే వకీలు, అబద్ధపు సాక్షి, జరిమానా వేసే కోర్టు అంతా కలిసి ఒక అంగడి కట్టారు. ఒకరి బతుకు మరొకరి చేతిలో ఉంది. అందరి బతుకూ చట్టం చేతిలో ఉంది.

'మాయ' కథలో ముత్యాలమ్మ ఈ అంగడిని ఒక పడుచు వకీలుకు విడమరచి చెబుతుంది. చదువుకున్నవాడికి అర్థం కానిది, ముద్దాయిగా నిలబడ్డ ఆడదానికి పూర్తిగా అర్థమయింది. తన చుట్టూ ఉన్నవారందరూ తన నేరం మీద బతుకుతున్నారని ఆమెకు తెలుసు. ప్రభుత్వం మీద ఆధారపడిన పేదవారి గురించి మనం మాట్లాడతాం. పేదవారి మీద ఆధారపడిన ప్రభుత్వ సిబ్బంది గురించి మాట్లాడింది రావిశాస్త్రి. ఈ తిరగవేత ఆయన సాహిత్యానికి గుండెకాయ.

తర్వాతి చరిత్ర ఆయన చూపును ఇంకా ముందుకు తీసుకుపోయింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అదే దశాబ్దంలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారా సరఫరా చేసింది. ఒక చేత్తో కొలిచి పోసిన గింజ ఖరీదు మరొక చేత్తో సీసాలో వసూలయిందని జనం గ్రహించారు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు కదిలారు. 1992లో వ్యాపించిన ఆ ఉద్యమం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. రెండేళ్లకే, 1997లో, సంపూర్ణ నిషేధాన్ని సడలించవలసివచ్చింది; ఖజానా ఆ ఆదాయం లేకుండా నడవలేదు. తమిళనాడులో 2003 నుంచి చిల్లర అమ్మకం కూడా ప్రభుత్వ సంస్థే చేపట్టింది. పేదవాడు సర్కారు మీద ఆధారపడ్డాడనే మాట ఎంత నిజమో, పథకాలు నడిపే సర్కారు ఆ పేదవాడి తాగుడు మీద ఆధారపడిందన్న మాటా అంతే నిజం.

రావిశాస్త్రి చూపులో ఒక లోటు కూడా ఉంది. ఆయన కథల్లో ప్రభుత్వం ఎక్కువగా శిక్షించే చేయి. అన్నం పెట్టే చేయి అయినప్పుడు అది ఎలా పనిచేస్తుందో ఆయన అంతగా చూడలేదు. ముత్యాలమ్మ కూతురు బడిలో భోజనం తిని, మనుమరాలు ప్రభుత్వ హాస్టల్లో చదువుకుంటే ఆ కుటుంబం కథ ఏమయ్యేది? ఆ కథ వ్రాయవలసినవారు తర్వాతి తరంవారు.

5. అర్జీ ఉన్న సాయం, అర్జీ లేని సాయం

అన్నం పెట్టే చేయి చరిత్ర కూడా పాతదే. 1876–78 నాటి మహాక్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనులు పెట్టి, రిచర్డ్ టెంపుల్ సలహా మీద 1877లో కూలివాడి రోజు గింజను ఒక పౌనుకు తగ్గించారు. అంత తక్కువ తిండితో అంత బరువు పని చేయలేమని ఆనాడే తీవ్రమైన విమర్శ వచ్చింది. మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపిన బకింగ్‌హాం కాలువ భాగం ఆ కరువు పనుల్లో తవ్వినదే. తెలుగు పల్లెల్లో ఉపాధి హామీ పనిని నేటికీ కొందరు 'కరువు పని' అనే అంటారు. చట్టం దాన్ని హక్కు అంది. జనం నోరు ధాత కరువును మరవలేదు. ఒక మాట వయసును బట్టి ఒక సంబంధం వయసు తెలుసుకోవచ్చు.

ఈ సందర్భంలో ఒక భేదం స్పష్టం చేసుకోవాలి. కొన్ని సాయాలు అర్జీ లేకుండా అందుతాయి. బడిలో మధ్యాహ్న భోజనానికి పిల్లవాడు దరఖాస్తు పెట్టడు. పళ్లెం పట్టుకొని కూర్చుంటాడు. పక్కన కూర్చున్నవాడి కులం, ఆదాయం రుజువు కానక్కరలేదు. తమిళనాడు రేషన్ వ్యవస్థ అందరికీ తెరిచి ఉండడం వల్ల అక్కడా పూజారి బలం కొంత తగ్గింది. అర్హత నిరూపించుకోవలసిన సాయం అలాంటిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో తెల్లకార్డు కేవలం బియ్యం కార్డుగా ఉండిపోలేదు. పేదవాడినని ప్రభుత్వం చేత ఒప్పించుకున్న పత్రం అయింది. ఆ పత్రం కోసం మనిషి తన పేదరికాన్ని ప్రదర్శించవలసివస్తుంది. కష్టపడి కట్టుకున్న గోడ కూడా అక్కడ నేరమవుతుంది. సోమరితనం గురించి చింతించేవారు ఈ ప్రదర్శన గురించి చింతిస్తే ఎక్కువ మేలు.

పూజారిని తొలగించే ప్రయత్నాలూ జరిగాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ సచివాలయాలు పెట్టి, గ్రామాల్లో సుమారు యాభై ఇళ్లకు ఒక వాలంటీరును నియమించింది. పింఛను గుమ్మంలోకి వచ్చింది. కచేరీ మెట్లెక్కే బాధ తప్పింది. ఆ యాభై ఇళ్ల గుట్టుమట్లన్నీ ఒకరికి తెలిసే పరిస్థితి కూడా వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక పింఛన్ల పంపిణీ సచివాలయ సిబ్బందికి అప్పగించారు. దూరంగా ఉన్న పూజారి కన్న గుమ్మంలో ఉన్న పూజారి మేలా అన్న ప్రశ్న ఒక మంచి నవలకు సరిపోతుంది.

ప్రభుత్వం కొనుగోలుదారుగా ఉన్నచోట ఇంకొక రకం ఆధారం కనిపిస్తుంది. పళ్లిపట్టు, పొదటూరుపేట వైపు మగ్గాల మధ్య పెరిగిన మన విద్యార్థులకు నేతపని సంగతి చెప్పనక్కరలేదు. సంక్రాంతి ధోవతీ చీరల పథకం పేదలకు బట్ట ఇవ్వడంతో పాటు నేతవారికి పని ఇవ్వడానికి కూడా ఉద్దేశించినది. తెలంగాణలో సిరిసిల్ల అనుభవం దీనికి నిలువుటద్దం. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. ఏటా కోటికి చేరువగా చీరలు నేయవలసిరావడంతో, ఆత్మహత్యల వార్తలతో పేరు వినబడ్డ ఆ పట్టణంలో పని నిలకడగా దొరికింది. 2023 చివర ప్రభుత్వం మారింది. 2024లో ఆ ఆర్డరు రాక మరమగ్గాలు ఆగాయి. మళ్లీ వేరే పేరుతో చీరల ఆర్డరు వచ్చేదాకా కార్మికులు ఎదురుచూశారు. ఆ నేతగాడు ఒక్కపూట కూడా సోమరి కాడు. రోజంతా నిలబడి మగ్గాలు చూసుకున్నవాడు. అతనికి పోయింది బయటి బజారు. రంగు ఎంచుకోవడం, ధర అడగడం, కొత్త గిరాకీ వెతకడం అన్న అలవాట్లు ఒక్క గిరాకీదారు దగ్గర సన్నగిల్లాయి. ఎన్నికల తేదీలు మగ్గానికి పంచాంగమయ్యాయి. కష్టించేవాణ్ణి కూడా ప్రభుత్వాధారం ఎలా మారుస్తుందో ఇంతకన్న తేటగా చెప్పే ఉదాహరణ మాకు తోచలేదు.

6. అడిగే భాష

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పైన చెప్పిన రచయితలందరికీ ఒక సదుపాయం ఉంది. వారి పాత్రలకు ఇంగ్లీషు రాకపోవచ్చు కాని, కచేరీ మెట్ల మీద, కోర్టు వరండాలో చుట్టూ వినిపించేది తెలుగే. ముత్యాలమ్మ వకీలుకు తన మాటలోనే పాఠం చెప్పగలిగింది. పెరియపాళయంలో, ఊత్తుకోటలో, తిరుత్తణిలో తెలుగింటి ముత్యాలమ్మకు ఆ సదుపాయం లేదు. సోమవారం కలెక్టరు కచేరీలో ఇచ్చేది అర్జీ కాదు, 'మను'. సాయం 'ఉదవిత్తొగై'. ఉపాధి పని 'నూఱునాళ్ వేలై'. ఇంట్లో వంట, వావివరుసలు, తిట్లు, జోలపాటలు తెలుగులో ఉంటాయి. బియ్యం, పింఛను, పట్టా, రుణం తమిళంలో ఉంటాయి. ఇంటి భాషలో పెట్టుపోతలు నడుస్తాయి, సర్కారు భాషలో బతుకుతెరువు నడుస్తుంది.

తమిళం నేర్చుకోవడం మీద మాకు అభ్యంతరం లేదు. ఏ నేల నీళ్లు తాగుతామో ఆ నేల భాష రావాలి; తమిళం మన పిల్లలకు పరాయిదీ కాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి విస్తరించింది. తెలుగు చదివే పిల్లలకు అది తెచ్చిన చిక్కుల మీద కోర్టుల్లో వాదనలు జరిగాయి. ఆ వాదనల అవసరం ఉంది. అయితే చట్టం కంటే ముందే, చట్టం కంటే నిశ్శబ్దంగా జరిగిన పని మరొకటి ఉంది. ఒక భాషలో దేన్నీ అడగలేనప్పుడు ఆ భాషను పిల్లలకు నేర్పాలన్న తొందర తల్లిదండ్రులకు తగ్గుతుంది. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ వెక్కిరించలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆ అడగడమే వేరే భాషలోకి వెళ్లిపోయింది. ఇళ్లు ప్రభుత్వం మీద ఎంత ఎక్కువ ఆధారపడితే, అడగవలసిన సందర్భాలు అంత పెరుగుతాయి, ఇంటి భాష అంత లోపలి గదికి చేరుతుంది.

దీనికి మందు కూడా ప్రభుత్వం దగ్గరే ఉందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. తెలుగు టీచరు పోస్టు, తెలుగు పాఠ్యపుస్తకం, తెలుగు పీఠం కావాలని అర్జీలు పెడతారు. మేమూ పెట్టాము, ఇకముందూ పెడతాము. ఈ పీఠం వంటివి జీతాలూ గ్రాంట్లూ లేకుండా నడవవు. కాని మారిషస్ తెలుగువారి అనుభవం గుర్తుంచుకోదగినది. అక్కడ ప్రభుత్వం తెలుగును బడుల్లో బోధనాంశంగా నిలబెట్టింది, సాంస్కృతిక సంస్థలకు తోడ్పడింది. పండుగల్లో, ప్రార్థనల్లో తెలుగు గౌరవంగా నిలిచింది. ఇళ్లలో మాట్లాడే భాష మాత్రం ఎక్కువగా క్రియోలే అయింది. బోధనాంశంగా బతికిన భాష వేరు, బజారులో బతికిన భాష వేరు. మొదటిదాన్ని ప్రభుత్వం ఇవ్వగలదు. రెండవదాన్ని మాట్లాడేవారు తమలో తాము ఇచ్చిపుచ్చుకోవాలి.

ఆ ఇచ్చిపుచ్చుకోవడం పూర్తిగా పోలేదు. పెరియపాళయం మొక్కుల్లో అది ఉంది. మగ్గాల మధ్య పని మాటల్లో ఉంది. సరిహద్దుకు ఇవతలా అవతలా జరిగే పెళ్లి సంబంధాల్లో ఉంది. ఇవన్నీ ఎవరికీ అర్జీ పెట్టనక్కరలేని చోట్లు. భాష బలంగా ఉన్న చోట్లు కూడా ఇవే కావడం యాదృచ్ఛికమని మేము అనుకోము.

సాహిత్యంలో ఈ జీవితం ఇంకా తగినంతగా రాలేదు. పక్కనే ఉన్న చిత్తూరు జిల్లాకు మధురాంతకం రాజారాం దొరికారు. బడిపంతులుగా పనిచేస్తూ వందల కథలు వ్రాసి, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఆ సీమ నోటిమాటను దించిన తీరు చదివితే, తిరుత్తణి వైపు పిల్లలకు సొంత అవ్వ మాట విన్నట్టుంటుంది. గీతకు ఇవతలి వైపు ఉన్న తెలుగువాడు రేషన్ వరుసలో ఏ మాట ఏ భాషలో అంటాడో, 'మను' వ్రాసిపెట్టేవాడికి ఎంత ముట్టజెబుతాడో, పింఛను వచ్చిన రోజున ముసలమ్మకు కోడలి దగ్గర మర్యాద ఎంత పెరుగుతుందో చెప్పే నవల కోసం మేము ఎదురుచూస్తున్నాం. అందులో పింఛను తెచ్చిన ఆ మర్యాదను కూడా దాచకుండా వ్రాయాలి. ఎవరి దయా లేకుండా చేతికందిన వెయ్యి రూపాయలు ఒక ముసలి స్త్రీకి ఏమిటో, ఉచితాల మీద వ్యాసాలు వ్రాసేవారికి చాలాసార్లు తెలియదు.

మన విద్యార్థులు పరిశోధనకు అంశం అడిగినప్పుడు మేము ఇకమీద ఒక సూచన చేయదలిచాము. ప్రబంధాల మీద పని చేయండి, మానవద్దు. దానితో పాటు ఒక సోమవారం తాలూకా కచేరీ బయట చెట్టుకింద కూర్చోండి. అర్జీ వ్రాయించుకోవడానికి వచ్చిన తెలుగు మనిషి తన కష్టాన్ని ముందు తెలుగులో ఎలా చెబుతున్నాడో, అది కాగితం మీద తమిళంలోకి వెళ్లేటప్పటికి ఏమి మిగులుతున్నదో, ఏమి రాలిపోతున్నదో గమనించండి. రాలిపోయినదాన్ని వ్రాసి పెట్టుకోండి. గురజాడ, రావిశాస్త్రి చేసిన పని స్థూలంగా అదే. పూజారికి చెప్పుకోలేక భక్తుడు నోట్లోనే ఉంచుకున్న మాటను వారు విన్నారు. దాన్ని మన వైపున వినవలసినవారు ఇంకా బెంచీల మీదనే ఉన్నారు.